ఒలకని చల్లకుండ

రాజుగారు వేటకి బయల్దేరే పొద్దున, కోట గుమ్మంలో కొత్వాలు భుజంగరాయుడు చల్లమ్ముకునే నూకాలమ్మకి అడ్డం పడ్డాడు.

“నీ కుండ ఒలకొచ్చు. ఒలికితే రాజుగారు జారిపడొచ్చు. పడితే నడుం విరగొచ్చు! పద ఖైదుకి!”

నూకాలమ్మ కుండ దించి గుమ్మం మధ్యలో పెట్టింది. “పదండి బాబూ.”

“మరి కుండ?”

“నేనెత్తితే ఒలకొచ్చన్నారుగా! ఇక్కడే ఉంచితే రాజుగారి కాలికి తగలొచ్చు. కాపలా ఎవడిదని అడగొచ్చు.”

లోపల బాకా మోగింది. కొత్వాలుకి చెమటలు పట్టాయి.

“తీసుకుపోవే తల్లీ!”

“భయంతో చేతులు వణుకుతున్నాయి బాబూ. జారొచ్చు.”

చేసేదిలేక కొత్వాలే కుండ నెత్తికెత్తుకుని, ఊపిరి బిగబట్టి సంతదాకా నడిచాడు. వెనకాలే నూకాలమ్మ చేతులూపుకుంటూ, “చల్లోయ్, చిక్కటి చల్ల!” అని కేకేసింది.