పులిహోర నాడొచ్చే ఓడ

కంబాలకోట రాజు గోపాలరాయుడికి శనివారం తలంటుకున్నాక కొత్త కోరికలు పుట్టడం మామూలే. ఆ వారం పుట్టింది మాత్రం తోటమాలి సూరమ్మ కొంప ముంచేలా ఉంది.

"ఈ నూనె వాసన చూశారా! సముద్రాల అవతల బెర్గమాట్ అనే పండు ఉందట. నారింజకూ నిమ్మకూ దగ్గరి చుట్టమట. దాని తొక్కలోంచి తీసిన తైలం ఇది. మన రంగప్ప ఓడల్లో తెప్పిస్తున్నాడు. రంగప్పా, ఏం కావాలో కోరుకో!" అన్నాడు రాజు నిండు సభలో.

అత్తర్ల రంగప్ప రెండు చెవుల్లోనూ అత్తరు దూది పెట్టుకుని తిరిగే మనిషి. ఎవరైనా పలకరిస్తే ముందు ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకుని, ఆ తర్వాతే బదులు చెబుతాడు.

"కోట వెనక దబ్బతోట ఇప్పించండి ప్రభూ. అందులో ఇంత చోటు చేసుకుని బెర్గమాట్ మొక్కలు పెంచుతాను. ఇప్పుడున్నవన్నీ మోటు చెట్లే."

"ఇచ్చాను. వచ్చే పౌర్ణమికి స్వాధీనం చేసుకో."

రాజు పక్కన తమలపాకుల పళ్లెం పట్టుకుని నిలబడే కాటయ్యకు మనసు చివుక్కుమంది. అవి సూరమ్మ మామగారు నాటిన చెట్లు. సంస్థానం మొత్తం మీద దబ్బచెట్లున్నది అక్కడే. తోట పోతే ఆ ముసలిది ఎక్కడికి పోతుంది?

సాయంత్రం అతను వెళ్లేసరికి సూరమ్మ పాదు పక్కన కూలబడి ఏడుస్తోంది.

"బిడ్డల్లా పెంచాను కాటయ్యా. వీటిని మోటు చెట్లంటాడా!" అంటూ ఓ కాయను గోటితో గిల్లి అతని ముక్కు దగ్గర పెట్టింది.

కాటయ్య వాసన చూశాడు. మళ్లీ చూశాడు. శనివారం శనివారం రాజుగారి తలలోంచి వచ్చే ఘుమఘుమ ఇదే!

"అత్తా, ఈ కాయలు ఎవరికిస్తున్నావు?"

"ఇంకెవరికి? అన్నీ కోట వంటశాలకే. శనివారం స్వామికి పులిహోర కలుపుతారుగా."

కాటయ్య తిన్నగా వంటశాలకు పోయి వంటపెద్దను పట్టుకున్నాడు.

"రసం పిండాక తొక్కలేం చేస్తారు, అప్పంభొట్లుగారూ?"

"రంగప్పగారి మనుషులు గంపలకెత్తుకుపోతారు. ఆవులకట."

ఏ ఆవు తింటుంది అంత ఘాటు తొక్క! కాటయ్యకు నవ్వొచ్చింది. కానీ తాంబూలం అందించేవాడి మాట రాజు నమ్మొద్దూ? ఆ ముక్క రంగప్ప నోటితోనే చెప్పించాలి.

"భొట్లుగారూ, పౌర్ణమి దాకా చింతపండు పులిహోరే కలపండి. మీకు పుణ్యముంటుంది."

సూరమ్మకూ ఒక్క కాయ తెంపొద్దని చెప్పి వచ్చాడు.

మొదటి శనివారం రాజుగారికి సగం సీసానే అందింది. రెండో శనివారం నాలుగు చుక్కలు. మూడో శనివారం అసలు సీసాయే రాలేదు. రాజు చిరాకుగా సభకొచ్చాడు.

"నూనె ఏదయ్యా రంగప్పా?"

"ఓడ రాలేదు ప్రభూ. సముద్రంలో గాలివాన."

"ఎప్పుడొస్తుంది మరి?"

రంగప్ప చేతులు నలుపుకున్నాడు.

"అది సరే గానీ ప్రభూ, కోటలో చింతపండు పులిహోర చేస్తున్నారని విన్నాను. ఒంటికి వేడి. దబ్బకాయ పులిహోర చేయించండి, చలవ."

"నేను నూనె అడుగుతుంటే నువ్వు పులిహోర అంటావేమిటి?"

"చేయించి చూడండి ప్రభూ! ఇవాళ కలిపితే వచ్చే శనివారానికి నూనె తప్పకుండా వచ్చేస్తుంది!"

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. రాజు అయోమయంగా అందరి ముఖాలూ చూశాడు. కాటయ్య వినయంగా తాంబూలం అందించాడు.

"ఆయన ఓడ మన వంటశాల పెరట్లోకే వస్తుంది మహారాజా. సరుకు దబ్బతొక్కలు."

రాజు అప్పటికప్పుడు దబ్బకాయ తెప్పించి, గిల్లి, వాసన చూశాడు. రంగప్ప తల వంచుకున్నాడు. రాజు పొట్ట పట్టుకుని పకపకా నవ్వేశాడు.

"ఇన్నాళ్లూ నా పెరటి తొక్కలే నాకు అంటగట్టావా! కానీ నూనె మాత్రం బ్రహ్మాండంగా తీస్తావు. ఇకనుంచి సూరమ్మ కింద పనిచెయ్యి. తోట ఆవిడది, ఆవిడ మనవలది."

తన వేలి ఉంగరం తీసి కాటయ్య చేతిలో పెట్టాడు. కబురు విని పరుగున వచ్చిన సూరమ్మ రంగప్పను ఎగాదిగా చూసింది.

"తెల్లారేసరికి వచ్చెయ్యి నాయనా. ముందు పాదులు తవ్వాలి."