చువ్వకు రెండో చెయ్యి

మద్దిలేటి పేర్చిన వరస కంపు కొట్టింది. పదకొండేళ్లలో ఎప్పుడూ లేని మాట ఇది.

పట్నానికి ఉత్తరాన, కొండ కింద, తడి చెత్తను ఎరువు చేసే యార్డు ఉంది. ఇంటింటా విడిగా తీసుకున్న తడి చెత్త బండ్ల మీద అక్కడికి వస్తుంది. కవర్లు విప్పి, చేత్తో పరిచి, ఎండాకు కలిపి, పేడనీళ్లు చల్లి, రొమ్మెత్తున పొడుగ్గా పేరుస్తారు. దాన్నే వరస అంటారు. వారం తిరిగేసరికి అది లోపల కాగుతుంది. కాగినదాన్ని ఇద్దరు మనుషులు, అటొకరు ఇటొకరు నిలబడి, పారలతో తిరగేస్తారు. పైది లోపలికి, లోపలిది పైకి. అట్లా నెలన్నర. సరిగ్గా చేస్తే ఆఖరికి తొలకరి పడ్డ చేను వాసన వస్తుంది. చేయకపోతే చచ్చిన పశువు వాసన వస్తుంది. నడుమ ఇంకో వాసన లేదు.

శనివారం పొద్దున శానిటరీ ఇన్‌స్పెక్టరు జీపు దిగకుండానే చెప్పి పోయాడు. "కొండ అవతలి కాలనీ వాళ్లు ఫిర్యాదు పెట్టినారు. వచ్చే శనివారానికి కంపు ఆగల్ల. లేదంటే యార్డుకు తాళం. చెత్తంతా పాత గుట్టకే."

పాత గుట్ట అంటే కాలే గుట్ట. ఎన్నేళ్లుగా కాలుతోందో దానికే తెలియదు. దాని పొగ పడమటి వాడల్లో పసిపిల్లల దగ్గులో వినిపిస్తుంది. యార్డులో పదిమంది బతుకులు, ఆ పిల్లల ఊపిరి, అన్నీ వచ్చి మద్దిలేటి వరస మీద కూర్చున్నాయి.

మద్దిలేటి గుప్పెడు చెత్త తీసి పిండాడు. వేళ్ల సందున రెండే చుక్కలు. నీళ్లు సరిగ్గానే ఉన్నాయి. ఆకు సరిగ్గానే ఉంది. పేడ తానే కలిపాడు. ఇక తప్పెక్కడ? తన చేతిలో తప్పు లేదని తేల్చుకొని, షెడ్డు వాకిట్లో బోర్లించిన గంప మీద కూర్చున్న దస్తగిరి దగ్గరకు పోయాడు.

దస్తగిరిది దూదేకుల ఇల్లు. ముప్పై ఏళ్లుగా ఆ యార్డులో ఉన్న మనిషి. అందరూ ఆయన్ను "గురువా" అని సగం వేళాకోళంగా పిలిచేవాళ్లు, ఒక్క మద్దిలేటి తప్ప. మద్దిలేటికి ఆ మాటలో వేళాకోళం లేదు. పార పట్టడం, వాసన పట్టడం ఆయనే నేర్పాడు. పోయిన నెల పీర్ల పండగ నాటి నుంచి మోకాళ్లు పడిపోయి ముసలాయన వరసల వైపు రాలేకపోతున్నాడు.

"గురువా, నా పనిలో వంక లేదు," అన్నాడు మద్దిలేటి. "కంపు నాలుగో బండిది. ఆ బండి చెత్త మన వరసల్లో కలపొద్దని చెప్పు. దాన్ని పాత గుట్టకు తోలిస్తే పీడ పోతాది."

పక్కన జల్లెడ పడుతున్న పుల్లమ్మ ఊరుకోలేదు. "అబ్బో! మనుషులకు చాలక చెత్తకు గూడ మడీ మైలా పెడితివా మద్దిలేటీ? ఈ బండి తొక్కలు పెద్ద కులం, ఆ బండి తొక్కలు చిన్న కులమా?"

"నోరు ముయ్యి పుల్లక్కా. నీకేం తెలుసు?"

"నాకు తెల్దా? ఈరమ్మ నా పక్కనే కూచోని విప్పుతా ఉండె."

ఆ పేరు రాగానే జల్లెడ ఆగింది.

ఈరమ్మ మద్దిలేటి పెళ్లాం. నాలుగేళ్ల కింద నాలుగో బండి కవరొకటి విప్పుతుంటే లోపల పగిలిన ట్యూబులైటు ముక్క అరచేతిలో దిగింది. కడుక్కొని, గుడ్డ చుట్టుకొని, సాయంత్రం దాకా పనిచేసింది. పదకొండో రోజున పోయింది. ఆ బండి తోలేది సుంకన్న. వాకిట్లో ఇచ్చిన కవరును ఇచ్చినట్టే తెచ్చి పోసినవాడు. మట్టి వేసే నాడు వస్తే మద్దిలేటి వాణ్ని శ్మశానం గేటు బయటే ఆపాడు. ఆనాటి నుంచి వాడితో మాట లేదు. వాడి ముఖం చూసిందీ లేదు. పొద్దున బండి తోలి, మధ్యాహ్నం సుంకన్న అదే వరసకు అవతలి పక్క పార పట్టేవాడు. నడుమ రొమ్మెత్తు చెత్త. చూడకూడదు అనుకున్నవాడికి ఆ గోడ చాలు.

దస్తగిరి కట్టె ఊతం చేసుకొని లేచాడు. వరస దాకా నడవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

"చువ్వ గుచ్చు," అన్నాడు.

ఆ యార్డులో ఒక కట్టుబాటు ఉంది. వరస కాగిందో లేదో ఇనప చువ్వ గుచ్చి చూస్తారు. కాసేపాగి లాగి, గుచ్చిన మనిషి ముందు పట్టుకొని, ఎదురుగా ఉన్న మనిషికి చాపుతాడు. ఇద్దరి చేతులూ 'కాగింది' అంటేనే కాగినట్టు. "ఒక్క చెయ్యి అబద్ధం చెబుతాది," అనేవాడు దస్తగిరి. మద్దిలేటి మాత్రం నాలుగేళ్లుగా తన వరసను తన చెయ్యితోనే చూసుకున్నాడు.

మద్దిలేటి వరస కొసన గుచ్చి లాగాడు. చువ్వ చురుక్కుమంది.

"నడుమ," అన్నాడు దస్తగిరి.

మద్దిలేటి కదల్లేదు. ముసలాయనే చువ్వ తీసుకొని నడుమ గుచ్చాడు. లాగితే చల్లగా, నల్లటి జిగురుతో వచ్చింది. ఆయన కింద చతికిలబడి, పై పొరను చేత్తో లాగేశాడు. లోపల కవర్లు. మూట మీద మూట. ఒక్కటీ విప్పలేదు. గాలాడక, లోపలే మురిగి, అడుగున నల్లనీళ్లు కారుతున్నాయి.

"ఎవురు పేర్చిరి?"

"నేనే."

"విప్పలేదే?"

మద్దిలేటి ఏమని చెబుతాడు? ఆ బండి మూట చేత్తో తాకితే ఈరమ్మ చెయ్యి గుర్తొస్తుందని చెబుతాడా? మూటలను పారతో నడుమకు తోసి, పైన మంచి చెత్త కప్పి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డానని చెబుతాడా?

"ఇన్నాళ్లూ ఆ బండివి ఎవురిప్పిరి అనుకుంటివి?" అంది పుల్లమ్మ. ఈసారి గొంతులో ఎగతాళి లేదు. "గురువే. మోకాళ్లు పడిపోయే దాకా."

దస్తగిరి మొదటి మూట దగ్గరకు లాక్కున్నాడు. చేతులకు ఏమీ లేవు.

"గురువా, గ్లౌజులు! గాజుంటాది!"

ఆయన విన్నట్టు లేదు. ముడి విప్పి, గోతం మీద పోసి, చెయ్యంతా పెట్టి కలియబెట్టాడు. అరటి తొక్కలు. మునక్కాయ పిప్పి. పులిసిన అన్నం. రెండో మూట. టీ పొడి, కుళ్లిన టమాటాలు, కరివేపాకు రెమ్మలు. మూడోది. నాలుగోది. ఆ వేళ్లు లోపలికి పోయి వచ్చిన ప్రతిసారీ మద్దిలేటి నెత్తురుందేమోనని చూశాడు. ఎండ లేని మబ్బు పగలు అట్లాగే జరిగిపోయింది. గోతాలు నిండాయి. గాజు కాదు కదా, సీసా మూత కూడా దొరకలేదు. ఏ బండి చెత్తలో అయినా రోజుకు గుప్పెడు మూతలు, రెండు బ్లేడు ముక్కలు దొరుకుతాయి. ఇంత శుభ్రమైన చెత్త మద్దిలేటి ఎప్పుడూ చూడలేదు.

ఆఖరి మూటను దస్తగిరి మద్దిలేటి చేతిలో పెట్టాడు.

"విప్పు."

మద్దిలేటి వేళ్లు ముడి మీద ఆగాయి. ఇది ఇల్లాలు వేసే ముడి కాదు. బండి మీద సరుకు కదలకుండా తోలేవాడు మోకుకు వేసే ముడి. కింద పడి ఉన్న కవర్ల వైపు చూశాడు. కొన్నింటిని దస్తగిరి విప్పకుండా చించాడు. వాటి మూతికి ముడి అట్లాగే ఉంది. ఎర్ర కవరు, నల్ల కవరు, బట్టల అంగడి కవరు. ఎన్ని ఇళ్లవో. అన్నింటికీ అదే ముడి.

ఒక్కనాడు ఒక్కటి చేతిలోకి తీసుకొని ఉంటే చాలు, తెలిసేది.

"సుంకన్నా," పిలిచాడు దస్తగిరి. "ఇట్లా రా. చెయ్యి చాపు."

"ఎందుకులే గురువా," అన్నాడు వరస అవతల నిలబడ్డవాడు.

"చాపు."

మద్దిలేటి చూశాడు. ఎండిన కోతలు, ఎండని కోతలు. చూపుడు వేలికి గోరు లేదు. బొటనవేలి మొదట్లో నిన్నటిదో మొన్నటిదో పసుపు అద్దిన గాటు. ప్రతి వాకిట్లోనూ కవరు విప్పి, చెయ్యి పెట్టి వెతికి, మళ్లీ ముడేసుకొని తెచ్చిన చెయ్యి అది. పదకొండేళ్లుగా చెత్తలో బతికిన మద్దిలేటికి ఆ గాట్లను ఎవరూ చదివి చెప్పక్కర్లేదు.

 అయినా వాడి నోట వచ్చింది కోపమే. "ఇప్పుడు వెతికితే ఏం లాభం? ఈరమ్మ వస్తాదా?"

సుంకన్న చెయ్యి దించుకున్నాడు.

"రాదు," అన్నాడు దస్తగిరి.

"మరి నన్ను వాణ్ని క్షమించమంటివా?"

"నేను ఆ మాట అంటినా? వరస తిరగెయ్యమంటా ఉండా."

ఆయన గోతం అంచుకు చేతులు తుడుచుకొని, కట్టె వెతుక్కున్నాడు.

మద్దిలేటి గ్లౌజులు తీసి నడుముకు చెక్కుకున్నాడు. చేతిలోని ముడి విప్పాడు. లోపల ఉల్లిపొట్టు.

చీకటి పడే దాకా ఇద్దరూ అటూ ఇటూ నిలబడి వరస తిరగేశారు. పారల చప్పుడే.

ఆదివారం, సోమవారం వాన తుంపర. మంగళ, బుధవారాల్లో కంపు పోలేదు. గురువారం తగ్గినట్టుంది అన్నారు. పుల్లమ్మ మాత్రం నమ్మలేదు.

శనివారం తెల్లవారింది. జీపు ఇంకా రాలేదు. వరస మీద సన్నగా ఆవిరి లేస్తోంది. మద్దిలేటి వచ్చి, కొసన ఆగకుండా, నేరుగా నడుమకు పోయి చువ్వ గుచ్చాడు. ఆగి, లాగి, పట్టుకున్నాడు. అరచెయ్యి మండింది.

షెడ్డు వాకిట్లో గంప మీద దస్తగిరి కళ్లు మూసుకొని వాసన పట్టి చూస్తున్నాడు.

మద్దిలేటి తల ఎత్తాడు. బండి ఇంకా కట్టని సుంకన్న వరస అవతల నిలబడి ఉన్నాడు. చెత్త మీదుగా, ఆవిరి మీదుగా, చువ్వను అవతలికి చాపాడు.