బుంగన్నకు పిల్లి ఎలర్జీ

అనగనగా పిల్లలూ, ఒక వెదురు అడవిలో జాజి అనే పిల్లి ఉండేది. దానికి రెండు కూనలు. ఆ పక్క గుహలోనే బుంగన్న అనే ఎలుగుబంటి ఉండేవాడు. ఆయన అండన ఉంటే తోడేలు భయం ఉండదని జాజి అక్కడ కాపురం పెట్టింది.

ఒకనాడు బుంగన్న చిలకతో అంటున్న మాట జాజి చెవిన పడింది.

"ఏం చెప్పను! నాకు పిల్లి ఎలర్జీ."

పట్నంలో పెరిగొచ్చిన చిలక నేర్పిన మాట అది. జాజికి అర్థం కాలేదు. వెళ్ళి కుందేలును అడిగింది.

"ఎలర్జీ అంటే ఒంట్లో సత్తువ. నిన్ను చూస్తే ఆయనకు సత్తువ వస్తుందన్నమాట!" అంది కుందేలు.

జాజి పొంగిపోయింది. కూనలతో సహా వెళ్ళి బుంగన్న కాళ్ళ దగ్గర ముడుచుకుని పడుకుంది. "హాచ్! హాచ్!" బుంగన్న కళ్ళు ఎర్రబడ్డాయి. ముక్కు కారింది. లేచి వాగు వైపు వెళ్ళిపోయాడు.

జాజికి అనుమానం వచ్చింది. ఈసారి కోతిని అడిగింది.

"పిచ్చిదానా! సత్తువంటే ఎనర్జీ. ఎలర్జీ అంటే గిట్టకపోవడం. నీ మొహం చూస్తేనే ఆయనకు కంపరం!" అంది కోతి.

జాజి మనసు చివుక్కుమంది. 'పోయి ఆయన్నే అడిగితే?' అనుకుంది. పౌరుషం అడ్డొచ్చింది. కూనలను తీసుకుని వాగు అవతలి పొదల్లోకి మారిపోయింది.

అక్కడ తోడేలు వాసన పట్టింది. ఒక సాయంత్రం పొద ముందుకొచ్చి నిలబడింది. జాజి వెన్ను వంచి బుస్సుమంది. తోడేలు జంకలేదు.

"ఎవరైనా రండి!" అని జాజి గొంతు చించుకుని అరిచింది.

నీళ్ళు చిమ్ముకుంటూ వాగు దాటి వచ్చినవాడు బుంగన్నే! ఒక్క గర్జనకే తోడేలు తోక ముడిచింది. వణికిపోతున్న కూనలను బుంగన్న గుండెకు హత్తుకుని వెనక్కి నడిచాడు. దారిపొడవునా తుమ్ములే. కళ్ళు వాచిపోయాయి. ఊపిరి ఈల వేసినట్టు వస్తోంది. అయినా కూనలను దించలేదు.

ఇవతలి గట్టు చేరాక జాజి ఏడ్చేసింది.

"నేనంటే గిట్టదన్నావట కదన్నా! మరెందుకొచ్చావు?"

"గిట్టనిది నా ముక్కుకమ్మా, నాకు కాదు," అన్నాడు బుంగన్న రొప్పుతూ. "నీ బొచ్చు సోకితే తుమ్ములొస్తాయి. ఎలర్జీ అంటే అంతే. చెబితే నొచ్చుకుంటావని చెప్పలేదు."

"నేనూ అడగలేదన్నా," అంది జాజి.

అప్పటినుంచి జాజి గుహలోకి వెళ్ళదు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, దూరంగా బండ మీద కూర్చుని కబుర్లు చెబుతుంది. కూనలు ఆటల్లో మీదెక్కేస్తే బుంగన్న నవ్వి, వాగులో మునిగి వస్తాడు. అడవికి కొత్తగా ఎవరొచ్చినా జాజి ఆయన్ను చూపించి చెబుతుంది: "ఊపిరాడకపోయినా నా పిల్లల్ని వదల్లేదు మా అన్న!"

నీతి: ఒకరి మాట అర్థం కాకపోతే ఊరంతా అడగకూడదు, ఆ మాట అన్నవారినే అడగాలి.