దస్తగిరి దాచిన గొంతు

కడప దగ్గర ఒక చిన్న దర్గాలో ఉండే పీర్‌సాహెబ్‌కు గొంతు ఆపరేషనయి మాట పోయింది. ఏం చెప్పాలన్నా పలక మీద రాసేవారు. దగ్గరున్నవాళ్లు పైకి చదివేవాళ్లు.

అంతకుముందు ఏడేళ్లు ఆయన చెప్పిన మాటలన్నీ శిష్యుడు దస్తగిరి కంప్యూటర్లో రికార్డు చేసి పెట్టుకున్నాడు. ఆ గొంతు ఇక తన దగ్గరే ఉందని అతనికి కొంచెం గర్వం కూడా. ఎవరు కాపీ అడిగినా "మీరు పోగొడతారు" అనేవాడు. పలక చదవడానికి మాత్రం ఎప్పుడూ ముందుకు రాలేదు. గొంతు లేని చోట తనకేం పనని వెనకెక్కడో కూర్చునేవాడు.

ఆ మాటలున్న హార్డ్ డిస్కు కాస్తా చెడిపోయింది.

రిపేరు షాపతను చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "లోపల గీసుకుపోతాంది. నెల దినాలు నా దగ్గర వదిలెయ్. వస్తే వస్తాయి, లేదంటే లేదు. ఇంకోసారి మాత్రం ఆన్ చేయొద్దు."

వదిలి రావడానికి దస్తగిరికి మనసొప్పలేదు. ఇంటికి తెచ్చుకుని, ప్రతి నమాజు తర్వాతా బిస్మిల్లా అని ఆన్ చేసేవాడు. టిక్, టిక్. ఆపేవాడు. చేతులారా తనే చెడగొడుతున్నానని తెలుసు, ఆగలేకపోయాడు.

గురువారం డిస్కు తెచ్చి పీర్‌సాహెబ్ ముందు పెట్టి ఏడ్చేశాడు.

"హజ్రత్, మీ గొంతు పోగొట్టినాను. ఏం చేయాల్నో తెలీడం లేదు. దువా చేయండి."

ఆయన డిస్కు వంక చూడను కూడా లేదు. అప్పుడే హుసేన్‌బీ గోడ పట్టుకుని లోపలికొస్తోంది. చూపు లేని ముసలమ్మ, ఇరవై ఏళ్లుగా ప్రతి గురువారం వస్తుంది. గొంతున్న రోజుల్లో పీర్‌సాహెబ్ ఆమెను గుమ్మం దగ్గరే పలకరించి లోపలికి పిలిచేవారు. పీర్‌సాహెబ్ పలక మీద రాసి దస్తగిరి చేతికిచ్చారు.

దస్తగిరికి అంతా అయోమయంగా ఉంది. తనడిగిందేమిటి, ఈయన చేస్తున్నదేమిటి? చిన్నబుచ్చుకుని, కళ్లు తుడుచుకుని చదివాడు.

"రా హుసేన్‌బీ, నిదానంగా రా... మోకాళ్లు ఎట్లున్నాయి?"

ముసలమ్మ ఉన్నచోటే నిలబడిపోయింది. చేతులు రెండూ ముందుకు చాచింది.

"హజ్రత్! మాటొచ్చిందా నాయనా!"

దస్తగిరి పలక వంక చూశాడు. దాని మీద "మోకాళ్లు ఎట్లున్నాయి?" అని మాత్రమే ఉంది.

పీర్‌సాహెబ్ పలక తీసుకుని తుడిచి, మళ్లీ రాసి చూపించారు.

"అడుగుతాంది కదా, జవాబు చెప్పు."

ఆ సాయంత్రం దస్తగిరి డిస్కు తీసుకెళ్లి రిపేరు షాపులో ఇచ్చాడు. మళ్లీ ఎప్పుడు రావాలో అడగలేదు.