తాతగారి కాలం కూలి

నీలగుంట అని ఒకానొక రాజ్యం. దాన్ని రణధీర భూపతి ఏలేవాడు. పొట్ట పెద్దది, పొగడ్తల మీద ఆశ అంతకన్నా పెద్దది. టేకుతో, వెండి సింహాలతో కొత్త పల్లకి చేయించుకున్నాడు. అందులో కూర్చుంటే ఊరంతా కనబడేది. ఊళ్లో ఆకలి మాత్రం కనబడేది కాదు.

ఒకనాడు పల్లకి మోసే బోయీలు సభకు వచ్చారు. వాళ్ల పెద్ద ఎర్రగంగడు చేతులు జోడించాడు.

"దొరా! రోజుకు సోలెడు జొన్నలు ఇస్తున్నారు. వండితే పిల్లలకే చాలడం లేదు. దానికి రెట్టింపు, తవ్వెడు ఇప్పించండి."

మహామంత్రి అనంతామాత్యుడు గభాలున లేచాడు. "వినకండి ప్రభూ! కూలి పెంచితే జొన్నల ధర పెరుగుతుంది. ధర పెరిగితే మళ్లీ కూలి పెంచమంటారు. కడుపు నిండినవాడు పనికి వస్తాడా? పైగా ఈ సోలెడు మీ తాతగారు శిలాశాసనంలో చెక్కించిన మాట!"

భోంచేసి వచ్చినవాళ్లంతా "భేష్" అన్నారు.

రాజు మీసం దువ్వాడు. "తాతగారి కాలం కూలే ఖాయం. విజయదశమి ఊరేగింపు కాగానే ఈ బోయీలంతా రాజ్యం విడిచి పోవాలి."

ఎక్కడికి పోతారు? మోసేవాడికి నిలబడ నేల లేదు, ఎక్కేవాడికి నేలంటేనే తెలియదు!

అప్పుడు ఆస్థాన విదూషకుడు పేరన ముందుకొచ్చాడు. "మహామంత్రిగారి మాట మాణిక్యం! ఊరేగింపు మొత్తం తాతగారి కాలంలాగే జరిపిద్దాం. ఆ ఏర్పాట్లు నాకు అప్పగించండి."

రాజు ఉబ్బిపోయాడు. "శభాష్! వెంట్రుకవాసి తేడా రాకూడదు."

బయట ఎర్రగంగడు నిలదీశాడు. "నువ్వు కూడానా పేరయ్యా?"

"గంగన్నా, భుజాలు సిద్ధం చేసుకో. నోరు మాత్రం కట్టుకో."

విజయదశమి వచ్చింది. డప్పులు, సన్నాయిలు, మిద్దెల మీద జనం! పొరుగు రాజు కూడా వచ్చి వేదిక మీద కూర్చున్నాడు. రణధీర భూపతి నగలన్నీ దిగేసుకుని కోట గుమ్మంలోకి వచ్చాడు. ఎదురుగా పేము అల్లిన సన్నటి పల్లకి ఒకటి ఉంది.

"ఏమిట్రా ఇది?"

"తాతగారి పల్లకి ప్రభూ. దుమ్ము దులిపించాను."

"నా పల్లకి ఏది?"

"అది తాతగారి కాలంలో లేదు కదండీ! వెంట్రుకవాసి తేడా వద్దన్నారు."

ముహూర్తం దాటిపోతోంది. పొరుగు రాజు మెడ చాచి చూస్తున్నాడు. చేసేది లేక రాజు కాలు లోపల పెట్టాడు. పొట్ట పల్లకి గుమ్మంలో ఇరుక్కుని ఆగింది. మహామంత్రి వెనక నుంచి నెట్టాడు. పేము కిర్రుమంది.

మిద్దె మీద నుంచి ఒక ముసలమ్మ కేకేసింది. "అయ్యో, దొర ఇరుక్కున్నాడే!"

వీధి వీధంతా గొల్లున నవ్వింది.

"పేరనా!" రాజు గర్జించాడు. "మా తాత బక్కపలచని మనిషిరా! నేను పెరగలేదూ?"

"పెరిగారు ప్రభూ! తమరు పెరిగారు, పల్లకి పెరిగింది, బరువు పెరిగింది. వీటికి అడ్డం రాని శాసనం ఒక్క కూలికే అడ్డం వస్తోంది! తాతగారి కూలికి తాతగారి బరువే మోస్తారు. తమ బరువు మోయాలంటే తమ కాలం కూలి ఇప్పించండి."

"ఖజానా ప్రభూ, ఖజానా..." అని మహామంత్రి నసిగాడు.

"ముందు నన్ను బయటికి లాగవయ్యా!"

లాగడం మహామంత్రి వల్ల కాలేదు. ఎర్రగంగడు, మిగతా బోయీలు కలిసి పట్టి లాగారు. లాగిన భుజాలను రాజు మొదటిసారి దగ్గర నుంచి చూశాడు. ఒక్కొక్క దాని మీద అరచేతంత కాయ. తర్వాత తన పొట్టను చూసుకున్నాడు, ఆ పల్లకిని చూశాడు, ఫక్కున నవ్వేశాడు.

"తవ్వెడు! నేటి నుంచే! ఎవరూ రాజ్యం విడవనక్కరలేదు."

"బోయీలకేనా ప్రభూ?" అని పేరన అందుకున్నాడు. "చెరువు తవ్వేవాళ్లూ, గానుగ తిప్పేవాళ్లూ మోసేది కూడా మన బరువే. పని చేసే ఏ మనిషికీ తవ్వెడుకు తగ్గకూడదు."

జనం హోరెత్తారు. రాజు చెయ్యెత్తాడు. "సరే, చాటింపు వేయించండి!" తన కంకణం తీసి పేరన చేతికి తొడిగాడు. "నన్ను ఇరికించే ధైర్యం నీకొక్కడికే ఉందిరా!"

వెండి సింహాల పల్లకి వచ్చింది. రాజు ఎక్కబోయాడు. బోయీలు కదల్లేదు.

"ఇంకేమిటి?"

ఎర్రగంగడు పైబట్ట విప్పి నేల మీద పరిచాడు. "మాట విన్నాం దొరా. జొన్నలు కొలిపించండి."

రాజు మరింత గట్టిగా నవ్వాడు. ముహూర్తాన్నీ, పొరుగు రాజునూ ఆగమని చెప్పి, తవ్వ తెప్పించి, నడివీధిలో ఎండలో నిలబడి తానే కొలిచాడు.