గుమ్మడి వడియాలూ, కుక్కపిల్ల మెడా

ఒకప్పుడు కుక్కపిల్ల మెడ మద్దెలలా ఉండేది. తోలు అంత బిగుతు. పట్టుకుందామన్నా పట్టు దొరికేది కాదు.

ఆ రోజుల్లో తాయారమ్మగారి పెరట్లో మచ్చ అనే కుక్క ఉండేది. దానికి ఒక్కడే కొడుకు, చిందుగాడు.

ఒకనాడు తాయారమ్మగారు పాత పంచె పరిచి గుమ్మడి వడియాలు పెట్టారు. ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చేలోపు చిందుగాడు ఈ చివరనుంచి ఆ చివరకి నడిచేశాడు. నాలుగు కాళ్ళకీ పిండి. తోకకి కూడా.

"ఏమే మచ్చా! వీణ్ణి కన్నావా, నా వడియాల మీదికి తోలావా?" అని ఆవిడ గోనెసంచి తెచ్చి దులిపారు. "మళ్ళీ పెడుతున్నా. ఇవి ఎండడానికి మూడు రోజులు. ఈలోగా వీడు దారికి రాలేదా, సంచిలో కట్టి ఏరు దాటించేస్తా!"

మచ్చ గుండె జారిపోయింది. ఏరు అవతల నక్కలున్నాయి.

సలహాలు చెప్పేవాళ్ళకి పెరట్లో కొదవా?

"తన్నాలమ్మాయ్," అంది గాడిద. "నన్ను చూడు. తన్నులు తినే ఇంతటివాణ్ణయ్యాను." వీపు మీద మూటలు దించకుండానే చెప్పింది.

"పొడవాలి వదినా," అంది కోడి. "నా పిల్లలకి నేనంటే ఎంత భయమో!"

"ఏరీ వాళ్ళు?" అంది మచ్చ.

"ఏమో. భయం కదా, నా దగ్గరికి రారు."

గోడ మీది కాకి తల ఊపింది. "పెంపకం ఉండాలి. దొంగబుద్ధిని నేను క్షణం సహించలేను." దాని నోట్లో వడియం ఉంది. మాట సరిగ్గా రాలేదు.

పెద్దల మాట కదా అని మచ్చ కళ్ళు మూసుకుని ఒక్క తన్ను తన్నింది. చిందుగాడు కుయ్‌మంటూ తొట్టి వెనక్కి పోయాడు.

ఆ సాయంత్రం వాడు వడియాలు తొక్కడం మానలేదు. అమ్మ దగ్గర పాలు తాగడం మానేశాడు.

మచ్చ తొట్టి పక్కనే కూర్చుంది. వాడు వచ్చేదాకా కదల్లేదు.

మర్నాడు వాడు పంచె వైపు నడిచాడు. మచ్చ అరవలేదు. పన్ను తగలకుండా, పెదాలతో మెడ పట్టుకుంది. పట్టు జారింది. మళ్ళీ పట్టుకుంది. మెల్లగా నీడకి తెచ్చి దింపి, ముందర ఒక మామిడి టెంక పెట్టింది.

"ఇది నీది. అది మనది కాదు."

వాడు టెంక రెండుసార్లు నాకి, మళ్ళీ పంచె వైపే పోయాడు. మళ్ళీ మెడ. మళ్ళీ నీడ. మళ్ళీ టెంక.

"ఇలాగైతే బాగుపడ్డట్టే!" అంది కోడి.

పొద్దు వాలేసరికి మచ్చ దవడలు పీకుతున్నాయి. చిందుగాడి మెడ తోలు సాగి సాగి, మడతలు పడి వేలాడుతోంది.

మూడోనాడు తాయారమ్మగారు సంచి పట్టుకునే వచ్చారు. మచ్చ లేవబోయి ఆగింది.

చిందుగాడు పంచె దాకా పోయాడు. కాలు ఎత్తాడు. ఎవరూ పట్టుకోకుండానే మెడ దగ్గర ఏదో మెత్తగా తగిలినట్టయింది వాడికి. ఎత్తిన కాలు వెనక్కి పెట్టాడు. పోయి టెంక తెచ్చుకుని, పంచె పక్కనే కూర్చుని కొరకడం మొదలెట్టాడు.

పంచె నడుమ మాత్రం కాకి కూర్చుని ఉంది. చుట్టూ సగం వడియాలు ఖాళీ.

"ఓసి నీ పెంపకం మండా!" అని తాయారమ్మగారు సంచి విసిరారు. కాకి ఎగిరిపోయింది. సంచి నీడలో పడింది.

చిందుగాడు టెంకతో సహా వెళ్ళి దాని మీద పడుకున్నాడు. ఆవిడ కాసేపు చూసి, "సరే, ఉండనీ," అని లోపలికి వెళ్ళారు.

అప్పటినుంచే కుక్కపిల్ల మెడ మీద తోలు వదులైంది. ఇవాళ్టికీ అంతే. ఎంత వెతికినా అక్కడ పంటి గాటు కనబడదు. చూడండి గాని, పట్టి ఎత్తకండి. ఆ పట్టు వాళ్ళమ్మకే తెలుసు.