శాస్త్రిగారి భుజానికి టీకా

కనకవరం సంస్థానాధీశులు మాధవభూపతి గారికి కోపం వస్తే కొలువులో ఈగ కూడా వాలేది కాదు. ఆ ఉదయం వచ్చింది.

"వీరనారాయణా! పేరిశాస్త్రిగారు టీకా వేయించుకోవాలి. బలవంతం పనికిరాదు. 'ముందు నాకే వేయండి' అని ఆయన నోటితో ఆయనే అనాలి. రేపటి కొలువులో ఆ మాట నా చెవిన పడాలి."

వీరనారాయణను నేనే. ఆ పేరులో ఉన్న వీరం పేరు దాటి ఎన్నడూ బయటికి రాలేదు. కొలువులో నా పని ప్రభువులను నవ్వించడం.

ప్రభువుల కోపానికి కారణం ఉంది. వారు ముచ్చటపడి ఆసుపత్రి కట్టించి, దాన్ని ఆనుకునే వైద్య విద్యాలయం పెట్టించారు. విద్యార్థులు పొద్దున పాఠం వినేవారు, మధ్యాహ్నం రోగుల దగ్గర పని నేర్చుకునేవారు. కాలు విరిగి చేరిన ఎరుకమ్మ అనే కుమ్మరావిడకు, కట్టు కట్టిన విద్యార్థి నుంచే మశూచి అంటుకుంది. కాలు అతుక్కుంది. కళ్ళు పోయాయి.

ప్రభువులు స్వయంగా వెళ్ళి ఆమెను చూసి వచ్చారు. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడే దండోరా వేయించారు. గురువు కానీ, శిష్యుడు కానీ, రోగుల గదిలో అడుగు పెట్టాలంటే మశూచి టీకా వేయించుకుని తీరాలి.

టీకా అంటే పెద్ద తతంగమేమీ కాదు. సూదిమొనతో భుజం మీద గీరి మందు అద్దుతారు. అంతే.

కానీ విద్యాలయానికి పెద్ద పేరిశాస్త్రిగారు. ఆయన తలపాగా ముందు వస్తే, ఆయన తరవాత వచ్చేవారు.

"వజ్రభస్మం తిన్న ఒళ్ళు నాది. మశూచి నా వీధిలోకి రావాలన్నా నా అనుమతి అడగాలి. ఈ గీతలు నాకెందుకు?" అన్నారాయన.

"గురువుగారికి అక్కర్లేనిది మాకెందుకు?" అన్నారు శిష్యులు.

టీకాల వైద్యుడు సూదీ మందూ పట్టుకుని విద్యాలయం వసారాలో పడిగాపులు పడి, సాయంత్రానికి ఉసూరుమంటూ ఇంటికి పోతున్నాడు.

"నావల్ల కాకపోతేనో ప్రభూ?" అన్నాను.

"నీ కొలువు రోగుల గదికి మారుస్తాను. వాళ్ళను నవ్వించు."

"అక్కడికి వెళ్ళాలంటే నాకూ టీకా వేస్తారేమో?"

"వేయరూ మరి!"

నాకు చెమటలు పట్టాయి. సూదంటే నాకు ప్రాణభయం. మా ఆవిడ రవికె కుట్టుకుంటూ ఉంటే నేను పక్కింటి అరుగు మీద కూర్చుంటాను.

మర్నాడు కొలువు నిండిపోయింది. శాస్త్రిగారు శిష్యగణంతో సహా వేంచేశారు. టీకాల వైద్యుడు ఒక మూల నిలబడ్డాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"శాస్త్రిగారూ, మశూచి మిమ్మల్ని తాకజాలదన్నది నిజమేనా?"

"ముమ్మాటికీ!"

"అయితే ప్రభూ, ఏటి ఒడ్డున మశూచి పాకలో రోగులకు గంజి పోసే దిక్కు లేదు. శాస్త్రిగారిని ఈ పూటే అక్కడికి పంపుదాం. వారికి భయమేముంది!"

శాస్త్రిగారి ముఖం పాలిపోయింది. నేను మీసం దువ్వుకున్నాను. కొంచెం తొందరపడి దువ్వుకున్నాను.

"తప్పకుండా వెళతాను," అన్నారాయన నెమ్మదిగా. "తోడుగా వీరనారాయణ వస్తాడు. అతనికీ టీకా లేదట. అంటే నాకున్న ధైర్యమే అతనికీ ఉందన్నమాట!"

కొలువు గొల్లుమంది. నేను తవ్విన గోతిలోకి శాస్త్రిగారు నన్నే దింపి, గట్టు మీద నిలబడ్డారు.

ప్రభువులు చెయ్యెత్తారు. "టీకా లేనిదే ఎవరినీ పాకకు పంపను. వీరనారాయణా, ముందు నువ్వు రా."

వైద్యుడు సూది తీశాడు. నా కంటికది గునపంలా కనిపించింది. ఆ సూది ఒక్క నిమిషం ఆగితే చాలనుకున్నాను. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఆగాలి ప్రభూ! ఈ కొలువులో మొదటి తాంబూలం ఎవరికి?"

"శాస్త్రిగారికి."

"మొదటి చందనం?"

"శాస్త్రిగారికే."

"మరి మొదటి టీకా నాకు వేస్తే, రేపటినుంచి మొదటి తాంబూలం ఎవరికి?"

శాస్త్రిగారి చెయ్యి తలపాగా మీదికి వెళ్ళింది. అది చూసేసరికి నాకు కొంత ప్రాణం లేచివచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకుని భుజం ముందుకు చాపాను.

"నాకైతే అభ్యంతరం లేదు. శాస్త్రిగారు నా వెనక నిలబడతానంటే, అలాగే కానివ్వండి!"

"ఆగవయ్యా! ఈ సభలో ఎవరైనా నా వెనకే! ముందు నాకే వేయండి!"

ప్రభువులు సింహాసనం చేతులు పట్టుకుని నవ్వారు. శాస్త్రిగారికి సంగతి అర్థమయ్యేసరికి ఉత్తరీయం జారిపోయింది, గీత పడిపోయింది, మందు అద్దేశారు కూడా.

ఆయన భుజం చూసుకుని, "ఇంతేనా?" అన్నారు. అంత చిన్న గొంతు ఆయనకుందని మాకు అప్పుడే తెలిసింది. తరవాత ఆయన వెనక్కి తిరిగి, "చూస్తారేం? రండి!" అని శిష్యులను గదిమారు. వాళ్ళు ఒకరి వెనక ఒకరు చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు.

"ఏం ఉపాయమయ్యా!" అని ప్రభువులు తమ పట్టుశాలువా తీసి నాకు కప్పబోయారు. అదంతా ముందే పన్నిన ఎత్తయినట్టు నేనూ తల వంచాను.

"శాలువా తరవాత," అన్నారు శాస్త్రిగారు. "ముందు అతని భుజం ఖాళీగా ఉండనివ్వండి. రెండో తాంబూలం అతనిదే."

సూది మళ్ళీ లేవడం చూశాను. అంతవరకే గుర్తు.

కళ్ళు తెరిచేసరికి శాస్త్రిగారు తన తలపాగా విప్పి దానితో నాకు గాలి విసురుతున్నారు. భుజం మీద టీకా, ఒంటి మీద పట్టుశాలువా ఉన్నాయి. ప్రభువులు వంగి నా ముఖంలోకి చూస్తున్నారు.

"బాగా నొప్పి పుట్టిందా వీరనారాయణా?"

"ఏమో ప్రభూ, ఆ సమయానికి నేను కొలువులో లేను!"

శాస్త్రిగారితో సహా సభంతా పగలబడి నవ్వింది.